రహీం సాబ్ ఊరికి మెస్సీ వచ్చాడు

ఉప్పల్ స్టేడియం దారి పట్టిన కుర్రాళ్లకు మెస్సీ గోల్స్ కంఠస్థం. ఇదే నగరంలో బడిపంతులుగా బతికి, దేశానికి ఆసియా క్రీడల్లో రెండు స్వర్ణాలు తెచ్చిపెట్టిన ఉస్మానియా ఆటగాడి పేరు మాత్రం వాళ్లలో చాలామందికి తెలియదు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన ఎలా ఎదిగాడు, ఆయన నిలబెట్టిన ఆట మన వీధుల్లోంచి ఎలా జారిపోయింది?

2025 డిసెంబరు 13, శనివారం. మధ్యాహ్నం దాటేసరికి అమీర్‌పేట మెట్రో స్టేషన్ రంగు మారిపోయింది. రోజూ కనిపించే ల్యాప్‌టాప్ బ్యాగులు, స్పైరల్ బైండింగ్ నోట్సులు, మెడలో వేలాడే ఐడీ కార్డుల మధ్య ఆ రోజు తెలుపు, లేత నీలం చారల చొక్కాలు ప్రత్యక్షమయ్యాయి. వీపు మీద 10 అంకె. మియాపూర్ వైపు నుంచి వచ్చినవాళ్లూ, ఎల్బీ నగర్ వైపు నుంచి వచ్చినవాళ్లూ ఎర్ర లైను రైలు దిగి, ఎస్కలేటర్ల మీద పరుగులు పెడుతూ నాగోల్ వెళ్లే నీలి లైనుకు చేరుతున్నారు. అందరూ దిగాల్సింది ఒకే చోట. ఆ స్టేషన్ పేరే 'స్టేడియం'.

పొద్దున కోల్‌కతాలో మెస్సీ సరిగ్గా కనిపించలేదని జనం కుర్చీలు విరగ్గొట్టిన వీడియోలు అందరి ఫోన్లలోనూ తిరుగుతున్నాయి. 'ఇక్కడ అట్ల కావద్దు' అంటున్నాడు నా పక్కన నిలబడ్డ కుర్రాడు. ఖమ్మం జిల్లా నుంచి వచ్చాడట. బల్కంపేటలో హాస్టల్లో ఉంటూ మైత్రీవనం దగ్గర జావా కోర్సు చేస్తున్నాడు. టికెట్ కోసం ఇంట్లో ఏం చెప్పి డబ్బు తెప్పించుకున్నాడో నవ్వుతూ చెప్పాడు గానీ, అది రాయొద్దన్నాడు. డిగ్రీలో కాలేజీ జట్టుకు ఆడాడు. "మా టీమ్‌ల బంతి నా కాళ్ల నుంచే ముందుకు పోయేది సార్. ఎవరికి ఎప్పుడియ్యాలె, ఎవరిని ఉరికియ్యాలె, అంతా నేనే చూస్కునేటోణ్ని. ఇప్పుడు బూట్లు హాస్టల్ మంచం కింద ఉన్నయ్" అన్నాడు.

రహీం సాబ్ గురించి విన్నావా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "మైదాన్ సినిమా కదా సార్, అజయ్ దేవ్‌గణ్‌ది! ఓటీటీల చూసిన" అన్నాడు. వెంటనే, "ఆయనది మన హైదరాబాదేనా సార్?" అని ఎదురు ప్రశ్న వేశాడు.

తప్పు ఆ పిల్లవాడిది కాదు. అతను చదివిన ఏ పాఠంలోనూ రహీం కనిపించి ఉండడు. అతను రోజూ తిరిగే ఏ రోడ్డు మీదా ఆ పేరు గల బోర్డు లేదు. ఆ రాత్రి ఉప్పల్‌లో మెస్సీతో పాటు సువారెజ్, డి పాల్ మైదానంలోకి వచ్చారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా బూట్లు కట్టి బంతి తన్నారు. స్టేడియం ఊగిపోయింది. ఫుట్‌బాల్ అంటే ఈ నగరానికి ఇంత ప్రేమ ఉందని చూసి మనసు నిండిపోయింది. అదే సమయంలో ఆ కుర్రాడి ప్రశ్నా గుచ్చుతూనే ఉంది.

అవును తమ్ముడూ, ఆయనది మన హైదరాబాదే.

ఉస్మానియా జట్టులో మొదలు

రహీం పుట్టింది 1909 ఆగస్టు 17న. చదివింది ఉస్మానియాలో. ఇప్పుడు మనం ఉస్మానియా అనగానే కళ్ల ముందు నిలిచే ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం 1939లో గానీ ప్రారంభం కాలేదు. అంతకుముందు విశ్వవిద్యాలయం తాత్కాలిక భవనాల్లోనే నడిచింది. అంటే గోడలు లేచేలోపే అక్కడ జట్టు లేచింది. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య చెప్పే ఆ కొత్త విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టులో రహీం ఆడారు. చదువు అయ్యాక కూడా బంతిని వదల్లేదు. విశ్వవిద్యాలయ కళాశాల పాత విద్యార్థులూ, అప్పటి విద్యార్థులూ కలిసి కట్టుకున్న 'ఎలెవెన్ హంటర్స్' జట్టుతో నగర లీగ్‌లో ఆడారు.

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ తిండి పెట్టే వృత్తి కాదు. డిగ్రీ పట్టుకున్న రహీం బడిపంతులయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్‌తో మొదలుపెట్టి, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్‌లలో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత చేతిలోకి తీసుకున్నారు.

ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే విలువైన మలుపు ఇదే అనిపిస్తుంది. ఆడటం మానేశాక చాలామంది ఆటగాళ్లు ఆటను జ్ఞాపకంగా దాచుకుంటారు. రహీం దాన్ని పాఠం చేసుకున్నారు. రోజూ పిల్లల మధ్య ఉండే మనిషికి, ఏ పిల్లవాడికి ఏది ఎందుకు అర్థం కాలేదో పసిగట్టే అలవాటు పట్టుబడుతుంది. తర్వాత ఇరవై ఏళ్ల పాటు దేశంలోని మేటి ఆటగాళ్లను ఆయన దిద్దింది ఆ అలవాటుతోనే.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. కన్నుమూసే దాకా ఆ రెండు బాధ్యతలూ వదల్లేదు.

ఎడమకాలికి ఓ టోర్నీ

రహీం పాఠాలు వింటే ఇప్పటికీ ఆశ్చర్యం వేస్తుంది. అప్పట్లో మన దగ్గర మంచి ఆటగాడంటే బంతిని కాలికి అంటించుకుని నలుగురిని తప్పించుకుపోయేవాడు. చూసేవాళ్లు చప్పట్లు కొట్టేది దానికే. రహీం దానికి అడ్డుకట్ట వేశారు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో టోర్నీలు పెట్టారు. బంతి అందగానే ఒకటి రెండు తాకిళ్లలో పక్కవాడికి ఇచ్చేయాలి. అలా ఆడాలంటే బంతి రాకముందే తలెత్తి చూడాలి, ఎవరు ఎక్కడున్నారో లెక్క వేసుకోవాలి. బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతోనూ పోటీలు నడిపారు. కుడికాలి వాటం పిల్లలు ఎడమకాలితో తన్నడానికి తంటాలు పడ్డారు, తడబడ్డారు, కొన్నాళ్లకు రెండు కాళ్లూ ఒకటే అయ్యాయి.

ఇందులో ఖరీదైన పరికరమేదీ లేదు. విదేశీ శిక్షకుడు లేడు. మైదానం, బంతి, ఆలోచించే పంతులు ఉన్నారు, అంతే.

ఫలితం వెంటనే కనిపించింది. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950లో ఢిల్లీలో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ ఎత్తుకొచ్చింది. అదే ఏడాది బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 51లోనూ గెలిచింది. 52, 53, 54... వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ మన పోలీసులదే. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అని దేశమంతా అనుకుంటున్న కాలంలో అది చిన్న విషయం కాదు. ప్రపంచానికి 1958లో బ్రెజిల్ చూపించిన 4-2-4 వ్యూహాన్ని ఆ రోజుల్లోనే మన ఆటగాళ్లతో ఆడించినవారు రహీం.

తులసీదాస్ బలరాం సంగతే చూడండి. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేద ఇంట పుట్టిన కుర్రాడు. ఆట చూసి రహీం పిలిచారు. రోజూ అంత దూరం నుంచి సాధనకు రావడానికి అతని దగ్గర డబ్బుల్లేవు. అద్దె సైకిలుకు రోజుకో రూపాయి రహీం తన జేబులోంచే ఇచ్చారని బలరాం పెద్దయ్యాక కూడా తలచుకునేవారు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రాడు ఇరవై ఏళ్ల వయసులో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టాడు. 1962లో అర్జున అవార్డు అందుకున్నాడు. 2023 ఫిబ్రవరిలో ఆయన కోల్‌కతాలో కన్నుమూసినప్పుడు మన పత్రికల్లో వచ్చింది చిన్న వార్త మాత్రమే.

■ రహీం సాబ్ మైలురాళ్లు
- 1909: ఆగస్టు 17న జననం
- 1943: హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి
- 1950: సిటీ పోలీస్ కోచ్, ఆ ఏడాదే డ్యూరాండ్, రోవర్స్ కప్‌లు
- 1951: ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, ఫైనల్లో ఇరాన్ మీద 1-0
- 1952: హెల్సింకీ ఒలింపిక్స్, యుగోస్లావియా చేతిలో 1-10 ఓటమి
- 1956: మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం
- 1960: రోమ్ ఒలింపిక్స్, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా
- 1962: జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం
- 1963: జూన్ 11న మరణం

పది గోల్స్ నేర్పిన పాఠం

1951లో తొలి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగాయి. భారత జట్టుకు కోచ్ కూడా రహీమే. మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో ఇరాన్‌ను ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. దేశం పొంగిపోయింది. మరుసటి ఏడాది హెల్సింకీలో నేల మీద పడ్డాం. యుగోస్లావియా మనకు పది గోల్స్ వేసింది. ఆ చలిలో, ఆ తడి గడ్డి మీద మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. దేశంలో బూట్లు తప్పనిసరి అయింది ఆ తర్వాతే. మన పోటీల్లో అప్పట్లో మ్యాచ్ 70 నిమిషాలే. ప్రపంచం ఆడేది 90. చివరి ఇరవై నిమిషాల్లో మనవాళ్ల కాళ్లు ఎందుకు బరువెక్కేవో వేరే చెప్పాలా?

ఈ లోటులన్నీ ఒక్కొక్కటిగా పూడ్చుకుంటూ వచ్చారు రహీం. 1956లో మెల్‌బోర్న్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. ఆ జట్టులో నూర్ మహ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, సలాం, బలరాం, తంగరాజ్... అందరూ ఈ జంట నగరాల మైదానాల్లో దుమ్ము కొట్టుకుని పెరిగినవాళ్లే. మన వీధుల్లో సైకిళ్ల మీద తిరిగే కుర్రాళ్లు ప్రపంచంలో నాలుగో స్థానంలో నిలబడ్డారు.

జకార్తా: ఆ ఒక్క సాయంత్రం

1962 నాటికి రహీం ఊపిరితిత్తులను క్యాన్సర్ తొలిచేస్తోంది. అయినా జట్టును తీసుకుని జకార్తా వెళ్లారు. అక్కడి వాతావరణం మనకు పూర్తిగా ఎదురుతిరిగింది. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత క్రీడా అధికారి గురుదత్ సోంధీ తప్పుపట్టారు. దాంతో ఇండోనేసియా జనం మండిపడ్డారు. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. ఫైనల్ రోజు మన ఆటగాళ్లు బస్సు మీది జాతీయ జెండా తీసేసి స్టేడియానికి వెళ్లాల్సి వచ్చింది. తలపాగా చూసి ఎవరైనా గుర్తుపడతారేమోనని జర్నైల్ సింగ్ సీటు కింద ముడుచుకుని కూర్చున్నాడు.

జట్టు పరిస్థితీ అంతంతే. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయారు. థాయిలాండ్‌తో ఆడుతుంటే జర్నైల్ తల పగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్‌కు జ్వరం. ఎవరైనా అయితే గాయపడ్డ వెనుక వరస ఆటగాడిని పక్కన కూర్చోబెడతారు. రహీం అతణ్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు! తలకు కట్టుతో ఉన్నవాడు వెనక నిలబడి పదేపదే తల అడ్డం పెట్టడం కంటే, కాలేజీ రోజుల్లో ఆడిన ముందు వరసలోనే మేలని ఆయన లెక్క. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ కొట్టాడు. 3-2తో గెలిచాం.

ఫైనల్‌కు ముందు రాత్రి ఆటగాళ్లకు నిద్ర పట్టలేదు. రహీం వాళ్లను కూడగట్టి, రేపు నాకో కానుక కావాలి, అది బంగారు పతకమే కావాలి అని అడిగారని ఆ జట్టు వాళ్లు ముసలితనం దాకా చెప్పుకుంటూనే ఉన్నారు. తనకు మిగిలింది ఎన్నాళ్లో ఆయనకు తెలుసు. వాళ్లకు తెలియదు.

సెప్టెంబరు 4. స్టేడియంలో లక్ష మంది. మన జాతీయ గీతం వినపడకుండా కేకలు. మన వైపు గొంతు కలిపినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వాళ్లలో పాకిస్థాన్ హాకీ జట్టు కూడా ఉందన్నది ఆ ఆటగాళ్లు మరిచిపోలేని సంగతి. తంగరాజ్ జ్వరంతోనే గోల్ ముందు నిలబడ్డాడు. పి.కె. బెనర్జీ మొదటి గోల్ కొట్టాడు. కాసేపటికే జర్నైల్ రెండోది వేశాడు. చివర్లో కొరియా ఒకటి తిరిగి ఇచ్చింది. 2-1. ఏ జట్టు చేతిలో ఓడి టోర్నీ మొదలుపెట్టారో ఆ జట్టునే ఓడించి ముగించారు. చుని గోస్వామి సారథ్యంలోని ఆ జట్టులో మనవాళ్లు తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్, అఫ్జల్ ఉన్నారు.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం సాబ్ వెళ్లిపోయారు. 53 ఏళ్లు. భారత ఫుట్‌బాల్‌ను ఆయన తనతోపాటే తీసుకెళ్లిపోయారని జకార్తా జట్టులో ఆడిన ఫోర్చునాటో ఫ్రాంకో బాధపడేవారు. అరవై ఏళ్లు దాటింది. ఆసియా క్రీడల్లో మనకు మళ్లీ ఫుట్‌బాల్ స్వర్ణం రాలేదు.

గురువు పోయాక పదేళ్లు

ఒక మనిషి పోగానే అంతా కూలిపోయిందనడం కూడా సరికాదు. రహీం నాటిన చెట్టు మరో పదేళ్లు కాసింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, హైదరాబాదీ. అదే జట్టులో మహ్మద్ హబీబ్. 1977లో కలకత్తాలో పీలే ఆడిన కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2 డ్రా చేసుకుంటే, అందులో ఒక గోల్ మన హబీబ్‌దే. ఉప్పల్‌లో మెస్సీని చూసిన పిల్లలకు ఈ మాట చెప్పి చూడండి, కళ్లు ఎంత పెద్దవవుతాయో! ఆ హబీబ్ 2023 ఆగస్టు 15న ఈ నగరంలోనే తుదిశ్వాస విడిచారు.

అయితే నయీం, హబీబ్ పేరు తెచ్చుకున్నది కలకత్తా క్లబ్బుల్లో. బలరాం దారీ అంతకుముందే అదయింది. పేరు, డబ్బు, జనం అక్కడున్నాయి. ఇక్కడ ఉన్నదల్లా పోలీసు కొలువు, మరికొన్ని సంస్థల్లో స్పోర్ట్స్ కోటా. పేదింటి పిల్లవాడికి అవి చిన్నవేం కావు. బాగా ఆడితే ఉద్యోగం వస్తుందన్న ఆ ఒక్క నమ్మకమే ఎందరినో మైదానానికి నడిపించింది. ఏళ్లు గడిచేకొద్దీ ఆటగాళ్లకిచ్చే కొలువులు తగ్గాయి. కొలువులు తగ్గాక జట్లు, జట్లు పోయాక లీగ్ కళ, లీగ్ కళ తప్పాక చూసే జనం. ఈలోగా 1983 ప్రపంచకప్ వచ్చింది, ఆ వెంటనే మన అజారుద్దీన్ వచ్చాడు. వీధివీధినా బ్యాట్లు లేచాయి. అందులో క్రికెట్ తప్పేమీ లేదు. ఫుట్‌బాల్‌ను పట్టుకుని నిలబడే పంతులు మళ్లీ రాకపోవడమే అసలు లోటు.

■ ఇదీ మన జట్టు
- పీటర్ తంగరాజ్: మూడు పదుల వయసు రాకముందే, 1958లో, ఆసియా ఉత్తమ గోల్‌కీపర్
- ఎస్.ఎస్. హకీం: రహీం కుమారుడు. 1960 రోమ్ ఒలింపిక్ జట్టు సభ్యుడు, ఫిఫా రెఫరీ. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం. 2021లో మరణం
- నయీముద్దీన్: అర్జున, ద్రోణాచార్య పురస్కారాలు రెండూ అందుకున్న ఆటగాడు
- షబ్బీర్ అలీ: 1974లో ఆసియా యువజన టైటిల్‌ను ఇరాన్‌తో పంచుకున్న భారత జట్టు కెప్టెన్
- గుగులోత్ సౌమ్య: నిజామాబాద్ జిల్లా తండా నుంచి భారత మహిళల జట్టుకు. 2026 ఆసియా కప్‌కు మన అమ్మాయిలు అర్హత సాధించారు

కప్పు వచ్చింది, క్లబ్ పోయింది

మధ్యలో ఓ వెలుగు మెరిసింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. మూడో సీజన్‌లోనే, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది. పంజాగుట్ట చౌరస్తాలో పసుపు చొక్కాలతో కుర్రాళ్లు బైకుల మీద కేకలు పెట్టిన రోజులవి. తర్వాత డబ్బు కష్టాలు మొదలయ్యాయి. జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. యాజమాన్యం మారింది. 2025లో క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. దేశంలో అత్యున్నత లీగ్‌లో ఇవాళ మన నగరానికి జట్టు లేదు. ఐ-లీగ్‌లో శ్రీనిధి డెక్కన్ ఒక్కటే ఆ దీపాన్ని ఆరకుండా కాపాడుతూ వచ్చింది.

దేశం కథా గొప్పగా ఏమీ లేదు. 2025 అక్టోబరులో సింగపూర్ చేతిలో, నవంబరులో బంగ్లాదేశ్ చేతిలో ఓడాం. 2027 ఆసియా కప్‌కు అర్హత దక్కలేదు. 2026 ప్రపంచకప్‌ను 48 జట్లకు పెంచినా అందులో మన పేరు లేదు.

ఇలాంటి క్లబ్‌లు డబ్బుతో వస్తాయి, డబ్బుతో పోతాయి. ఆనాటి సిటీ పోలీస్ జట్టు అలాంటిది కాదు. దాని ఆటగాళ్లకు ఇక్కడ ఇల్లుండేది, కొలువుండేది, మర్నాడు మళ్లీ సాధన ఉండేది. తేడా అక్కడే ఉంది.

అమీర్‌పేటలో బంతి ఎక్కడ పడుతుంది?

మెస్సీ వెళ్లిపోయిన తర్వాత ఓ సాయంత్రం ఖమ్మం కుర్రాడు తన హాస్టల్‌కు తీసుకెళ్లాడు. ఒక గదిలో నాలుగు మంచాలు. మంచం కింద నుంచి ప్లాస్టిక్ సంచి లాగి బూట్లు చూపించాడు. ఎడమ బూటు ముందుభాగం ఊడిపోతే దారంతో కుట్టించాడు. అడుగున ఇంకా ఎర్రమట్టి పెళ్లలు. "కడగబుద్ధి కాలేదు సార్. మా కాలేజీ గ్రౌండ్ మట్టి" అన్నాడు.

ఆడుతున్నావా అంటే, నెలకు ఒకటి రెండుసార్లు అన్నాడు. హాస్టల్ పిల్లలు పదిమంది చందాలేసుకుని రాత్రి పూట వల కట్టిన టర్ఫ్ అద్దెకు తీసుకుంటారు. గంట దాటితే లైట్లు ఆర్పేస్తారు. "గ్రౌండ్ ఉంటే రోజూ ఆడేటోళ్లం. ఈడ గ్రౌండ్ యాడుంది?"

మైత్రీవనం నుంచి గురుద్వారా దాకా, అక్కడి నుంచి పంజాగుట్ట దాకా నడిచి చూడండి. కోచింగ్ సెంటర్ల బోర్డులు, పీజీ హాస్టళ్లు, టిఫిన్ బండ్లు, కళ్లజోళ్ల షాపులు, బంగారం దుకాణాలు, ఆసుపత్రులు. అపార్ట్‌మెంట్ అంతస్తుల్లో బడులు, కమర్షియల్ కాంప్లెక్సుల్లో జూనియర్ కాలేజీలు. వేలమంది పదహారు, ఇరవై ఏళ్ల పిల్లలు ఈ రెండు కిలోమీటర్లలోనే నిద్ర లేస్తారు, చదువుతారు, తింటారు, పడుకుంటారు. వాళ్లలో ఎవరికైనా సాయంత్రం బంతి తన్నాలనిపిస్తే పరుగెత్తడానికి జాగా దొరకదు. ఆటస్థలమే లేని కాలేజీకి అనుమతి ఎలా వస్తుందన్న ప్రశ్న ఈ ప్రాంతంలో ఎవరూ అడగరు. అడగాలి.

పంజాగుట్ట నుంచి ఖైరతాబాద్, లక్డీకాపూల్ దాటి వెళ్తే ఒకప్పటి ఫతే మైదాన్, ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం వస్తుంది. అది తరచూ సభలకూ, ఉత్సవాలకూ కేటాయించే చోటు. గోషామహల్ పోలీసు స్టేడియం స్థలంలో ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనాలకు 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. పేదలకు కొత్త ఆసుపత్రి కావాలి, ఎవరూ కాదనరు. కానీ నగరంలో ఒక మైదానం పోయిన ప్రతిసారీ దానికి బదులు మరో మైదానం ఇవ్వాలన్న నియమం మనకు లేదు. అందుకే పోయింది పోయినట్టే మిగులుతోంది.

మరో మాట. నగరంలో పెద్ద స్టేడియాల పేర్లు ఒకసారి గుర్తుచేసుకోండి. లాల్ బహదూర్, రాజీవ్ గాంధీ, జీఎంసీ బాలయోగి. అమీర్‌పేట పక్కనే యూసుఫ్‌గూడలో కోట్ల విజయభాస్కర రెడ్డి. అందరూ పెద్ద నాయకులే, గౌరవించాల్సినవారే. ఆటకు జీవితం ఇచ్చినవాడి పేరు ఒక్కదానికైనా ఉండొద్దా? రహీం బతికుండగా ఆయనకు పద్మ పురస్కారం ఇవ్వలేదు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య ఆయన పోయిన ఇరవై రెండేళ్లకు, 1985లో మొదలైంది. ఆయన గురించి హిందీ వాళ్లు తీసిన సినిమా 2024లో వచ్చింది. మన తెలుగులో ఆయన మీద పిల్లలు చదువుకునే ఓ మంచి పుస్తకమైనా కనిపించదు.

చేయాల్సింది చాలా తక్కువ

రహీం దగ్గర ఉన్నది మూడు. పిల్లలకు అందుబాటులో మైదానం, ఆట తెలిసిన పంతులు, ఆడితే దొరికే కొలువు. ఈ మూడూ ప్రభుత్వం తలుచుకుంటే ఇవ్వగలిగినవే. 2025లో రాష్ట్రం కొత్త క్రీడా విధానం ప్రకటించింది, క్రీడా విశ్వవిద్యాలయం పెడతామంది. మంచిదే. ఆ పెద్ద భవనాల కన్నా ముందు సర్కారు బడుల్లో ఖాళీగా ఉన్న వ్యాయామ ఉపాధ్యాయుల పోస్టులు నింపాలి. రహీం ఆ కొలువు నుంచే వచ్చారు. సాయంత్రం తాళం పడే బడి మైదానాలను చుట్టుపక్కల హాస్టల్ పిల్లలకు రెండు గంటలు తెరవాలి. పోలీసు శాఖ మళ్లీ తన ఫుట్‌బాల్ జట్టును నిలబెట్టుకోవాలి. దేశాన్ని అయిదేళ్లు ఏలిన జట్టు అది.

రహీం సాబ్ పేరు మీద నగరంలో ఒక మైదానం కావాలి. మెస్సీని రప్పించగలిగిన ఈ నగరం ఆ మాత్రం చేయగలదు. అది అమీర్‌పేట, పంజాగుట్ట చుట్టుపక్కలే అయితే ఇంకా మంచిది, ఆడాలని ఉండీ చోటు లేని పిల్లలు ఎక్కువగా ఉన్నది ఇక్కడే. మీ డివిజన్ కార్పొరేటర్‌నో, ఎమ్మెల్యేనో కలిసినప్పుడు రోడ్లు, డ్రైనేజీతో పాటు ఈ మాట కూడా అడగండి.